సెకనుకి మూరెడు

చిరగని చోట కత్తెర వేస్తే అది దొంగతనమా, దాచుకోవడమా?

ఈ ప్రశ్న నాది కాదు. నేను పనిచేసిన లైబ్రరీ పైఅంతస్తులో ముప్పై నాలుగేళ్లు ఉద్యోగం చేసిన ఒకావిడది. మెట్ల మీద నిలబడి ఒక్కసారే అడిగింది, మళ్లీ ఎత్తలేదు. తర్వాత అలవాటు కొద్దీ పుస్తకాల్లో వెతికాను. దొరకలేదు. ఆవిడ ఊరు విడిచి వెళ్లినప్పటి వయసు నాకూ వచ్చి, దాటి కూడా పోయింది. అయినా జవాబు తెలియదు. అందుకని జవాబు సంగతి అలా ఉంచి, తెలిసినంత వరకు ఆవిడ గురించి రాస్తున్నాను.

మాది రెండంతస్తుల పాత భవనం. కింద లైబ్రరీ, పైన సినిమా బాక్సుల ఆఫీసు. హాళ్లలో ఆడిన సినిమాల రీళ్లు రేకు డబ్బాల్లో, ఆ డబ్బాలు ఇనప పెట్టెల్లో, ఆ పెట్టెలు బస్సుల మీద ఎక్కి ఆ ఆఫీసుకి తిరిగొచ్చేవి. రెండు రోజులుండి ఇంకో ఊరు పోయేవి. మెట్ల మీద పెట్టె ఈడ్చినప్పుడల్లా కింద చదువుకునేవాళ్లు తలెత్తి పైకప్పుని తిట్టుకునేవారు. ఆ రెండు రోజుల్లో సినిమాకి జరగాల్సిన వైద్యమంతా ఆవిడ చేతుల మీద జరిగేది. అసలు పేరు ఆఫీసు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు. ఊరందరికీ అతుకులక్క. నాకంటే ఆరేళ్లు పెద్ద కాబట్టి నేను అక్కయ్యా అనేవాణ్ణి.

పని, చెబితే చిన్నదే. బల్ల మీద రెండు చక్రాలు. ఎడమ చక్రం మీది రీలుని కుడి చక్రానికి చుట్టాలి. ఎడమ చేతికి నూలు తొడుగు, అందులో బొటనవేలికీ చూపుడువేలికీ మాత్రం కొసలు కత్తిరించేసి ఉండేవి. ఫిల్ము అంచు ఆ రెండు వేళ్ల మధ్య నుంచి పరిగెత్తేది. అంచున వరసగా ఉండే చిల్లుల్లో ఏ ఒక్కటి చిరిగినా వేలికి తెలిసిపోయేది. చక్రం ఆగేది. చిరిగిన ముక్క కోసి, రెండు కొసలూ బ్లేడుతో గీకి, ఘాటు వాసన వేసే జిగురు ఒక్క చుక్క పూసి, అతికి, పదిహేను లెక్కపెట్టే దాకా బొటనవేలితో అదిమి పట్టేది. మళ్లీ చక్రం తిరిగేది.

"కళ్లు మూసుకుని చేస్తావేమిటక్కయ్యా?" అన్నాను, మొదటిసారి చూసినప్పుడు.

"కళ్లు తెరిస్తే బొమ్మ కనబడుతుంది తమ్ముడూ. బొమ్మ చూస్తే కథలో పడతాం. కథలో పడ్డవాళ్లకి చిల్లులు కనబడవు."

ఆవిడ కొలతలు ఆవిడవే. ఇరవై నాలుగు బొమ్మలైతే ఒక సెకను, ఆ ఇరవై నాలుగు బొమ్మల ఫిల్ము సరిగ్గా మూరెడు. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా. ఆఫీసులో కొలబద్ద ఉండేది గానీ, గాలికి కిటికీ కొట్టుకోకుండా దాన్ని అడ్డం పెట్టేవారు. ఏ హాలు మేనేజరో ఫోన్ చేసి, "పాటలో ఎంత పోయిందమ్మా?" అని కంగారు పడితే, "జానెడండీ. అర సెకను. పాడినవాడికి కూడా తెలీదు" అని పెట్టేసేది.

కోసిన ముక్కల్ని బుట్టలో వేసి తూకానికి అమ్మెయ్యాలి. అది ఆఫీసు పద్ధతి. ఆవిడ అలా చేసేది కాదు. వాడేసిన పోస్టు కవర్లు లైబ్రరీలో నా దగ్గరా, పక్క షాపుల్లోనూ అడిగి తీసుకుని, ఒక్కో ముక్కనీ ఒక్కో కవరులో వేసేది. పైన సినిమా పేరు, రీలు నంబరు, ఏ బొమ్మకీ ఏ బొమ్మకీ మధ్య కోసిందో, ఏ తేదీనో రాసేది. ప్రొప్రయిటరుకి అదొక వేళాకోళం.

"కత్తిరించిన గోళ్లు దాచుకునే మనిషిని ఎక్కడైనా చూశారటయ్యా?" అనేవాడు, వచ్చినవాళ్ల ముందు.

"గోళ్లు మళ్లీ పెరుగుతాయండీ" అనేది ఆవిడ, తల తిప్పకుండా.

కొత్తగా బాగుచేసిన ప్రింటు మా ఊరి హాల్లో వేస్తే మధ్యాహ్నం ఆటకి వెళ్లేది. చివరి వరస, నడవ పక్క కుర్చీ. అక్కడా కళ్లు మూసుకునే కూర్చునేది. తన అతుకులు ఎక్కడెక్కడ వస్తాయో తెలుసు కదా, ఆ చోటు వచ్చినప్పుడు జనం ఏం చేస్తారా అని వినేది. ఆ హాలు కుర్చీలు ఎవరు లేచినా టపీమని మడత పడేవి. ఆవిడ ఒక్కతే వెనక్కి చెయ్యి పెట్టి సీటు పట్టుకుని, చప్పుడు కాకుండా లేవగలిగేది. ఇంటర్వెల్లో మెషిన్ రూమునుంచి ఆపరేటరు దిగి వచ్చేవాడు. ఆవిడకంటే పదేళ్లు పెద్దవాడు.

"ఎలా ఉందక్కా ఇవాళ?"

"ఎనిమిది అతుకులు అన్నయ్యా. ఒక్కచోట కూడా కుర్చీ కిర్రుమనలేదు."

"ఖర్మ కాకపోతే, నా చేతుల్లో పెరిగినదాన్ని నేను అక్కా అని పిలవడమేమిటి" అని ఆపరేటరు నావైపు తిరిగి మొత్తుకునేవాడు. పిలవడం మాత్రం మానలేదు. ఆవిడ పని చూసిన ఎవరికైనా ఆ పిలుపు దానంతటదే వచ్చేది.

ఆ ఆఫీసు పెట్టెల్లో ఒకటి ఏ ఊరూ వెళ్లేది కాదు. అతుకులక్కకి పన్నెండేళ్లప్పుడు సినిమావాళ్లు వచ్చి మా బస్టాండులో రెండు రోజులు షూటింగు చేశారు. ఉద్యోగానికి వెళ్తున్న ఒకమ్మాయిని ఊరంతా బస్సెక్కించే సీను. గుంపు కావాలంటే ఊళ్లోవాళ్లనే నిలబెట్టారు. ఆ సినిమా మిగతా చోట్ల వారం కూడా ఆడలేదు. మా ఊళ్లో మాత్రం ఆరునెలలకోసారి వేసేవాళ్లు, వేసినప్పుడల్లా హాలు నిండేది. అందుకే ప్రొప్రయిటరు ఒక ప్రింటు కొని అట్టే పెట్టేశాడు. సినిమాకి పేరుంది, ఎవరూ వాడేవారు కాదు. మన సినిమా అనేవారు. పోస్టుమాను, లెక్కల మాస్టారు, సైకిలు షాపు అన్నదమ్ములు, అందరూ ఆ బస్సు చుట్టూ ఉన్నారు. ఒకాయనకి గొడుగు మాత్రమే తెరకెక్కింది. ఆయన అల్లుళ్లని కూడా వెంటబెట్టుకొచ్చి, "అదుగో ఆ నల్లటిది, దాని కింద నేనే" అని చూపించేవాడు. అల్లుళ్లు మర్యాదకి తలూపేవారు.

ఆ గుంపులో అతుకులక్క వాళ్లమ్మ ఉంది. ఇళ్లకి బట్టలు ఇస్త్రీ చేసిచ్చే మనిషి. చంకలో బట్టల మూటతో బస్సు పక్కనుంచి నడిచిపోతూ ఆగి, ఇటు తిరిగి, సూటిగా కెమెరాలోకి చూసింది. ఎవరూ ఇటు చూడొద్దని మైకులో అరుస్తూనే ఉన్నారట. సరిగ్గా ఒక సెకను. ఆ సెకనుని ఎందుకో వాళ్లు తీసెయ్యకుండా ఉంచేశారు.

"చూడొద్దన్నారు కదమ్మా, ఎందుకు చూశావు?" అని ఇంటికొచ్చాక కూతురు అడిగిందట.

"అది నన్నే చూస్తోంటే నేను ముఖం తిప్పుకుంటే ఏం బాగుంటుందే?" అందట ఆ తల్లి.

ఆవిడకి వేరే బొమ్మ లేదు. ఫోటో తీయించుకుందాం రమ్మంటే, "ఇస్త్రీ చీర లేదు, ఇంకోసారి చూద్దాం" అనేదట. ఊరందరి చీరలూ ఇస్త్రీ చేసే మనిషి. ఆ ఇంకోసారి రాలేదు. అతుకులక్కకి ఇరవై ఏడో ఏట తల్లి పోయింది.

అప్పటికి నేను లైబ్రరీలో చేరి ఏడాది కాలేదు. వారం తిరక్కుండానే ఆవిడ పనిలోకి వచ్చింది. ఆ మధ్యాహ్నం కిందికి దిగి నా బల్ల దగ్గర నిలబడింది.

"తమ్ముడూ, ఇక్కడ ఎవరూ అడగని పుస్తకం ఏది?"

"నిఘంటువు మూడో సంపుటం. నేను చేరాక ఒక్కరూ ముట్టుకోలేదు."

"మరి మొదటిదీ రెండోదీ?"

"వాటికి గిరాకీ ఉందక్కయ్యా. కుర్చీ ఎత్తు చాలనివాళ్లు వేసుకుని కూర్చుంటారు."

ఎప్పుడూ ఇలాంటి వాటికి నవ్వే మనిషి నవ్వలేదు. ఒక పాత పోస్టు కవరు నా చేతికిచ్చింది. "అందులో పెట్టు. నేనడిగే దాకా తియ్యకు." కవరు మీద ఏమీ రాసి లేదు. ఆవిడ కవర్లలో రాత లేనిది అదొక్కటే నేను చూసింది.

నేను ఏమిటని అడగలేదు. ఆవిడే మెట్లు సగం ఎక్కి ఆగి, వెనక్కి తిరిగి చెప్పింది. మన సినిమాలో ఏడో రీలు. అమ్మ ఉన్న మూరెడు. చిల్లులన్నీ బాగానే ఉన్నాయి, అయినా కోసేశాను. ఆ తర్వాతే, నేను మొదట రాసిన ఆ ప్రశ్న అడిగింది. నేను కవరుని మూడో సంపుటం మధ్యలో పెట్టాను. ఆవిడ పైకి వెళ్లిపోయింది.

ఆ పనిలో మొదటి నెలలోనే నేర్చుకునే సంగతి ఒకటుంది. ఫిల్ము మీద బొమ్మ పక్కన సన్నటి గీతలా ఉండే మాట ఆ బొమ్మది కాదు. మెషిన్లో బొమ్మ వెలిగే చోటు వేరు, మాట వినబడే చోటు దానికి కింద వేరు. అందుకని ఏ మాటనైనా దాని బొమ్మకంటే ఇరవై బొమ్మల ముందే అచ్చు వేస్తారు. తల్లి ముఖం పక్కన ఉన్నది ఆ తర్వాతి సెకనులో బస్సు కిటికీలోంచి ఆ అమ్మాయి అనే మాట. కళ్లు మూసుకుని పనిచేసే మనిషి ఆ ఒక్కరోజు కళ్లు తెరిచి పనిచేసింది. బొమ్మ చూసింది, మాట మరిచిపోయింది.

ఆ సంగతి హాల్లో బయటపడింది. నేనూ ఉన్నాను ఆ ఆటకి. బస్సు కదలబోతోంది, కిటికీలోంచి అమ్మాయి పెదవులు కదిలాయి, మాట లేదు. బస్సు రొద మాత్రం వినబడుతోంది. హాలు తెల్లబోయింది. అంతకుముందు పదిసార్లు చూసినవాళ్లే అందరూ. ముందు వరసల్లోంచి ఎవరో ఆ పిల్ల తరఫున తనే అనేశాడు, "వెళ్లొస్తా" అని. అందరూ నవ్వారు. మర్నాడు పదిమంది అన్నారు. ఏడాది తిరిగేసరికి, ఆ చోటు రాగానే హాలంతా ఒక్క గొంతుతో వెళ్లొస్తా అనడం అలవాటైపోయింది. కొత్తగా ఊళ్లోకి బదిలీ అయి వచ్చినవాళ్లకి ముందే చెప్పి తీసుకెళ్లేవారు, "ఏడో రీల్లో మనం ఒక మాట అనాలండీ" అని.

మొదటిరోజు ఇంటర్వెల్లో ఆపరేటరు దిగివచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"ఏడో రీల్లో ఒకచోట బొమ్మ ఎగిరిందక్కా. అది నీ అతుకు కాదు కదా?"

"నాదే."

"నీదా?"

"నాదే అన్నయ్యా. చెయ్యి జారింది."

ఆయన ఇంకేమీ అడగలేదు. ఆనాటి నుంచి మన సినిమా వేసినప్పుడల్లా ఆరో రీలు అవ్వగానే ఆవిడ లేచి బయట కుళాయి దగ్గర నిలబడేది. లోపలి నుంచి ఊరంతా ఆ మాట అనడం అక్కడికి బాగానే వినబడుతుంది. ఎనిమిదో రీలుకి తిరిగొచ్చి కూర్చునేది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఎవరైనా వేలెత్తి చూపగలిగిన అతుకు ఆవిడకి అదొక్కటే. దానికి కారణం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి.

కాలం మారింది. హాళ్లకి పెట్టెలు రావడం తగ్గి, ఆఫీసు మూతబడింది. మిగిలిన డబ్బాలు పైన వెనక గదిలో ఉండిపోయాయి. ఆవిడ తన కవర్లన్నీ రెండు ట్రంకు పెట్టెల్లో సర్దుకుని ఇంటికి తీసుకుపోయింది. భర్త అప్పటికే లేడు. ఒక్కతే కూతురు, ఆసుపత్రిలో నర్సు. ఇల్లు మారినప్పుడల్లా కూలివాళ్లు అందులో ఏముందో అనుకుని ఆ పెట్టెల్ని ప్రాణంలా మోసేవారట. "కాగితాలు బాబూ" అంటే నమ్మేవారు కాదట.

ఆవిడకి డెబ్బై ఒకటో ఏడు నడుస్తుండగా ప్రొప్రయిటరుగారి అల్లుడు పైఅంతస్తులో వ్యాయామశాల పెడతానని బయల్దేరాడు. డబ్బాలన్నీ పాత ఇనుముకి వేసేస్తాడని తెలిసి, పాత సినిమాలు భద్రపరిచే ఆర్కైవ్ వాళ్లకి నేనొక ఉత్తరం రాశాను. మూడో వారంలో ఒక మేడమ్ వ్యాను తీసుకుని వచ్చింది. నలభై దాటిన మనిషి, మాట తక్కువ, చూపు ఎక్కువ. అల్లుడు మూడు రోజులు గడువిచ్చాడు. గది తలుపు తియ్యగానే లోపలంతా పులిసిన వాసన. ఫిల్ము కుళ్లితే అలాగే ఉంటుందట.

మేడమ్ డబ్బాలన్నీ చూసి, మిగతావాటి ప్రింట్లు వేరే చోట్ల ఉన్నాయనీ, మన సినిమా మాత్రం ఇంకెక్కడా లేదనీ చెప్పింది. ఉన్నది ఇదొక్కటే.

"కానీ దీన్నిండా అతుకులే. ఎక్కడ ఎంత పోయిందో తేలని ప్రింటుని మావాళ్లు జాబితాలో చివరికి తోసేస్తారు. దీని వంతు వచ్చేసరికి ఇది ఉండదు" అంది. తర్వాత తనలో తను అనుకున్నట్టు, "ఇప్పుడున్న మెషిన్లకి చిరిగిన ముక్కయినా ఫరవాలేదు, బొమ్మ పట్టేస్తుంది. కోసిన ముక్కలు ఎవరు దాస్తారు" అంది.

"ఉన్నాయి" అంది అతుకులక్క.

"ఎన్ని?"

"అన్నీ."

ఆ మాట అన్నాక ఆవిడ నావైపు చూసింది. నేను నేలకేసి చూశాను.

రెండు ట్రంకు పెట్టెలూ వచ్చాయి. ఆపరేటరు కూడా వచ్చాడు, ఎనభై దాటి, చేతికర్రతో. పాత బల్ల తుడిచి చక్రాలకి నూనె వేశాం. మేడమ్ ఆ కవర్లు ఒక్కోటీ తీసి చదువుతూ కాసేపటికి కుర్చీలో కూర్చుండిపోయింది. "ఇలాంటిది నేనెక్కడా చూడలేదండీ" అంది. అతుకులక్క వినిపించుకోనట్టే తొడుగు వేసుకుంది గానీ, ఆవిడ మెడ కొంచెం నిటారైంది. ప్రొప్రయిటరు బతికుంటే ఆ గోళ్ల మాట వెనక్కి తీసుకునేవాడు.

బొటనవేలిలో మునుపటి బలం లేదు. అందుకని ఆవిడ అతికితే ఆపరేటరు అదిమి పట్టేవాడు, ఆవిడ లెక్కపెట్టేది.

"పదమూడు, పద్నాలుగు..."

"నీ పదిహేను నా ఇరవైతో సమానమక్కా. వేలు తిమ్మిరెక్కుతోంది."

"తీశావంటే మళ్లీ ఒకటి నుంచి మొదలెడతా."

రెండు రోజుల్లో ఆరు రీళ్లయ్యాయి. తొంభై మూడు ముక్కలు, దేని చోటుకి అది చేరింది. మూడో రోజు పొద్దున్న ఏడో రీలు. బల్ల మీద దీపం వెలుగులో మేడమ్ ఫిల్ము చూస్తూ ఒకచోట ఆగింది.

"ఇక్కడొక అతుకుంది. సెకను పోయినట్టుంది. దీనికి కవరు లేదు." కవర్ల దొంతర ఇంకోసారి తిరగేసింది. "ఫరవాలేదండీ. ఇంత దొరకడమే గొప్ప. ఒక సెకను లోటు అని రాసేస్తాను. సినిమాని తీసుకుంటారు, పూచీ నాది."

అతుకులక్క అంతటితో ఊరుకుని ఉండొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. సినిమా బతికేది, ఆవిడ పేరూ నిలిచేది. మేడమ్ కలం మూత తీసింది. అతుకులక్క తొడుగు తీసి బల్ల మీద పెట్టింది.

"రాయకండి" అంది. "తమ్ముడూ, మూడో సంపుటం పట్టుకురా."

నేను రిటైరై అయిదేళ్లయింది. అయినా ఆ పుస్తకం ఏ అరలో ఉందో నాకు తెలుసు. నలభై నాలుగేళ్లలో దాన్ని ఎవరూ అడగలేదు. పేజీలు ఒకదానికొకటి అంటుకున్నాయి, కవరు మధ్యలో ఉంది. తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ మేడమ్ చేతిలో పెట్టింది.

మేడమ్ ఆ మూరెడు ముక్క వెలుగులో పెట్టి చూసింది. "ఇది చిరగలేదే" అంది.

"లేదమ్మా. నేనే కోశాను. అది మా అమ్మ."

మేడమ్ ఆ ముక్కని రీలు పక్కన పెట్టి చూసింది. రీలులో ఆ పక్కా ఈ పక్కా ఫిల్ము బుడగలెక్కి ముడుచుకుపోయి ఉంది. పుస్తకంలో ఉన్న ముక్క మాత్రం నిన్న అచ్చు వేసినట్టుంది. అది చూపించి, "డబ్బాలోనే ఉంటే ఇదీ ఇలాగే అయ్యేది. ఒక రకంగా మీరు దీన్ని కాపాడారండీ" అంది.

"వద్దమ్మా. ఇప్పుడు బాగుంది కదా అని తప్పుని ఒప్పు చెయ్యకండి. చెడిపోయింది కొయ్యమని జీతమిచ్చారు, నేను బాగున్నది కోశాను. అలాగే రాసుకోండి." అతుకు గురించి చెప్పినట్టే చెప్పింది. కాస్త ఆగి ఆపరేటరు వైపు తిరిగింది. "ఆ రోజు నీకు అబద్ధం చెప్పానన్నయ్యా. చెయ్యి జారలేదు."

"నాకు తెలుసు" అన్నాడు ఆపరేటరు.

"ఏం తెలుసు?"

"సెకను పోతే నాకు తెలీదటే? ఆ సినిమా వేసిన ప్రతిసారీ, రోజుకి నాలుగు ఆటలు, నా కిటికీలోంచి మీ అమ్మని చూసినవాణ్ణి. ఆ రోజు ఆవిడ రాలేదు. వారం ముందు పోయింది. ఆ మాత్రం కూడుకోలేనా?"

"మరి ఎన్నడూ అనలేదేం?"

"అంటే నువ్వు మర్నాడే ఉద్యోగం మానేసేదానివి. తర్వాత నా మెషిన్ గతేం కాను?"

ఆవిడ నవ్వింది. నలభై నాలుగేళ్లు మోసినదేదో దింపినట్టు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ముక్క అందుకుని ఒక్కసారి కిటికీ వెలుగుకి ఎత్తి చూసి, మోచేతి మీద పరిచి కొలుచుకుంది. సరిగ్గా మూర. కొసలు గీకింది, జిగురు పూసింది. ఆపరేటరు అలవాటుగా వేలు చాపాడు.

"ఇది నేనే పట్టుకుంటా" అంది.

అదిమి పట్టి, కళ్లు మూసుకుని, పదిహేను దాకా నెమ్మదిగా లెక్కపెట్టింది. రెండో కొసకి మళ్లీ పదిహేను. మేము ముగ్గురం నిలబడే ఉన్నాం. సాయంత్రానికి మిగతా రీళ్లూ ముగించాం, వ్యాను వెళ్లిపోయింది.

ఎనిమిది నెలల తర్వాత బాగుచేసిన సినిమాని మేడమ్ స్వయంగా తీసుకొచ్చింది. మా ఊరి పాత హాల్లోనే, ఉదయం ఆట. మొదట్లో ఒక కార్డు మీద ఈ సినిమాని కాపాడింది ఫలానావారు అని వేస్తామని అడిగితే అతుకులక్క ఒప్పుకోలేదు. "పేరు వేస్తే జనం చదువుతారు. చదివారంటే అతుకు కనబడినట్టే" అందట. ఆ పొగరు నాకు నచ్చింది.

అదే రోజు ఆవిడ ఊరు విడిచి వెళ్తోంది. కూతురికి బదిలీ అయింది. సామాను ముందురోజే వెళ్లిపోయింది, ఇద్దరికీ మధ్యాహ్నం బస్సు. "బస్టాండుకి రావద్దు తమ్ముడూ, ఎండగా ఉంటుంది" అని ముందే చెప్పింది. ఆట అయ్యాక హాలు బయట కుళాయి దగ్గర నిలబడి, ఆ పాత ప్రశ్న నేనే ఎత్తుదామనుకున్నాను. నా దగ్గర జవాబు లేదు గానీ, ఆవిడకి దొరికిందేమో అడుగుదామని.

చివరి వరసలో నడవ పక్క కుర్చీలో ఆవిడ, పక్కన నేను, నాకు అటువైపు కూతురు. హాలు నిండిపోయింది. ఆరో రీలు అయింది. లేస్తుందేమో అని చూశాను. లేవలేదు. కళ్లు కూడా తెరిచే ఉన్నాయి.

బస్టాండు వచ్చింది. ముందు వరసల్లో ఎవరో, "అదుగో మా తాతయ్య గొడుగు" అన్నారు. సైకిలు షాపు అన్నదమ్ములు, పోస్టుమాను, లెక్కల మాస్టారు. ఇప్పుడు వాళ్లలో ఒక్కరూ లేరు. బస్సు పక్కనుంచి చంకలో మూటతో ఒకావిడ నడిచొచ్చింది. ఆగి, తిరిగి, మా అందరి వైపూ సూటిగా చూసింది.

కూతురు నా ముంజేయి పట్టుకుంది. "మామయ్యా, ఆ మూటావిడ..."

"మీ అమ్మమ్మ."

"కూరల సంచీ అమ్మ అచ్చం అలాగే పట్టుకుంటుంది" అంది ఆ పిల్ల, తెర మీంచి చూపు తిప్పకుండా.

బస్సు కిటికీ వచ్చింది. నలభై అయిదేళ్ల అలవాటు కదా, హాలంతా ఒక్క గొంతుతో వెళ్లొస్తా అంది. అదే క్షణంలో తెర మీద అమ్మాయి కూడా అంది. సన్నటి, స్పష్టమైన గొంతు. తమ పిల్ల తరఫున ఇన్నాళ్లూ తామే చెబుతూ వచ్చిన ఊరు, పిల్ల తనే చెప్పేసరికి ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. మెషిన్ రూము గుమ్మంలో చేతికర్ర నేలకేసి కొడుతున్న చప్పుడు కూడా వినబడింది.

ఆ సెకనుకి ముందొక అతుకు, వెనకొక అతుకు. రెండూ నేను జాగ్రత్తగా కాచుకుని చూశాను. హాల్లో ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. ఆ మాటే చెబుదామని, "అక్కయ్యా, ఎవరూ కదల్లేదు" అంటూ పక్కకి తిరిగాను.

కుర్చీ ఖాళీగా మడత పడి ఉంది. అది పడిన చప్పుడు నాకు వినబడనేలేదు.